ఆదిమ తిమింగిలములు: పోటీ పరీక్షల ప్రత్యేకము

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతముల అభ్యర్థులు తమ పాదముల క్రిందనున్న గ్రానైటు, నైసు శిలలు సుమారు 250 కోట్ల సంవత్సరముల నాటివగుటచే వానియందు తిమింగిలాస్థిని వెదకుట వ్యర్థమని మొదట గ్రహింపవలెను. తూర్పున ప్రాణహిత-గోదావరి లోయలో లభించిన కోటసారస్ సైతము జురాసిక్ యుగపు రాక్షసబల్లియే. తిమింగిలములో, నేటికి సుమారు 5 కోట్ల యేండ్ల క్రిందట, ఇయోసీన్ యుగమున, టెథిస్ సముద్రతీరమున ఉద్భవించినవి.

ఈ కథలో మిక్కిలి రమ్యమైన ఘట్టము జమ్మూ ప్రాంతపు కాలాకోట్‌ది. అచట భూవిజ్ఞాని ఎ. రంగారావు సేకరించి, 1971లో ఇండోహయస్ అని నామకరణము చేసిన జంతువు పిల్లియంతటి, గిట్టలుగల శాకాహారి. ఆయన మరణానంతరము, ఆయన దాచిన శిలాఖండములను పురాజీవశాస్త్రజ్ఞుడు థ్యూయిసెన్ బృందము ఛేదింపగా, తిమింగిలములకు విశిష్టలక్షణమైన స్థూలకర్ణాస్థి అందు కానవచ్చెను. 2007లో ప్రకటితమైన ఈ పరిశోధన, తిమింగిలముల పూర్వబంధువులు సమసంఖ్యాక గిట్టల జంతువులే యను మతమును బలపరచెను.

ప్రాచీన తిమింగిలములను ఆర్కియోసెటి యందురు. అందలి కుటుంబములు ఐదు: పాకిసెటిడే, ఆంబులోసెటిడే, రెమింగ్టనోసెటిడే, ప్రోటోసెటిడే, బాసిలోసారిడే. పాకిసెటస్‌కు నాలుగు కాళ్లుండెడివి. ఆంబులోసెటస్ నేలపైనను నీటిలోను సంచరించెడిది. మూడవ కుటుంబపు కచ్ఛిసెటస్, నాలుగవదానికి చెందిన ఇండోసెటస్ గుజరాతులోని కచ్ఛమున లభించినవి. సంపూర్ణ జలచరమైన బాసిలోసారస్‌ను శాస్త్రజ్ఞులలో హార్లన్ 1834లో సరీసృపమని భ్రమింపగా, స్తన్యజీవియని ఓవెన్ 1839లో నిరూపించెను. ప్రశ్నకర్తల కిది ప్రియమైన ఉచ్చు. ఈజిప్టులోని వాడీ అల్-హితాన్, ఈ జాతి శిలాజములకు ప్రసిద్ధమై, 2005లో యునెస్కో వారసత్వ స్థలమయ్యెను.