ఇంట్లో షేర్ చేసిన ఫోల్డర్ ఓపెన్ అవ్వట్లేదా? ఈ వరసలో చెక్ చెయ్యండి

మాది మండపేట. నాన్న రెండు రైస్ మిల్లులకి ఇంటి దగ్గర నుంచే లెక్కలు రాస్తారు. ఆ ఫైల్స్ అన్నీ హాల్లో ఉన్న పాత డెస్క్‌టాప్‌లో, డీ డ్రైవ్‌లో "లెక్కలు" అనే ఫోల్డర్‌లో ఉంటాయి. 2019లో నేనే ఆ ఫోల్డర్‌ని నెట్‌వర్క్‌లో షేర్ చేసి పెట్టాను. నాన్న మేడ మీద గదిలో కూర్చుని లాప్‌టాప్‌లో ఓపెన్ చేసుకునేవారు. ఈమధ్య ఆ లాప్‌టాప్ పాడైపోతే కొత్తది కొన్నాం. కొత్తదాంట్లో ఆ ఫోల్డర్ ఓపెన్ అవ్వలేదు. ఆ రోజు 19వ తారీకు. తెల్లారితే జీఎస్టీ త్రీబీ రిటర్న్ వెయ్యడానికి ఆఖరి రోజు.

"ఏరా, ఫోన్ల గురించి ఊరందరికీ చెప్తావు, ఇంట్లో ఇదొక్కటి చెయ్యలేవా?" అన్నారు నాన్న. కిందకి దిగి డెస్క్‌టాప్ ముందు కూర్చుంటే పని అయిపోయేది. కానీ కొత్త లాప్‌టాప్ కొనిపించింది నేనే కాబట్టి నాకు పంతం వచ్చింది.

కనిపించిన వీడియోల్లో చెప్పినవన్నీ చేసేశాను. ఫైర్‌వాల్ ఆఫ్ చేశా. ఫోల్డర్‌కి "ఎవ్రీవన్, ఫుల్ కంట్రోల్" ఇచ్చేశా. అయినా లాప్‌టాప్‌లో రాలేదు. నా ఫోన్‌లో ఫైల్ మేనేజర్ యాప్ నుంచి ట్రై చేస్తే మాత్రం టక్కున ఓపెన్ అయ్యింది! ఆ హుషారులో ఒక ఫైల్ చూసి, అది ఫోన్‌లోకి డౌన్‌లోడ్ అయిన కాపీ అనుకుని డిలీట్ కొట్టేశా. అది కాపీ కాదు, నాన్న నెలంతా రాసిన అసలు ఫైల్.

డెస్క్‌టాప్‌లో రీసైకిల్ బిన్ చూస్తే ఖాళీ. నెట్‌వర్క్ ద్వారా డిలీట్ చేసిన ఫైల్ రీసైకిల్ బిన్‌లోకి వెళ్లదు, నేరుగా పోతుంది. ఆ సంగతి నాకు ఆ రాత్రే తెలిసింది. పెన్ డ్రైవ్‌లో నెల మధ్యలో తీసిన కాపీ ఉండబట్టి సరిపోయింది. మిగతా పదిహేను రోజుల బిల్లులు నేను చదువుతుంటే నాన్న మళ్లీ ఎంటర్ చేశారు. అయ్యేసరికి రాత్రి రెండున్నర. నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటేనే బాగుండేది.

మర్నాడు తీరిగ్గా కూర్చుని ఒక్కొక్కటీ చూస్తే అసలు కారణాలు రెండే తేలాయి. నేను మార్చిన వాటిలో ఒక్కటి కూడా అవసరం లేదు. మీకు అలాంటి రాత్రి రాకూడదని ఈ ఆర్టికల్.

ముందు ఈ రెండు పనులు చెయ్యండి

ఒకటి, షేర్ చేసిన ఫోల్డర్‌ని పెన్ డ్రైవ్‌లోకో ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌లోకో కాపీ చేసుకోండి. రెండు, "టెస్ట్" అని ఒక ఖాళీ ఫోల్డర్ షేర్ చేసి ప్రయోగాలన్నీ దాని మీదే చెయ్యండి.

ఎక్కడ ఆగిపోతోందో తెలుసుకోండి

షేర్ చేసిన ఫోల్డర్ దాకా వెళ్లాలంటే మన ఇంట్లోకి వచ్చినట్టే. ముందు వీధి గేటు, తర్వాత గుమ్మం, తర్వాత గది, ఆఖర్న బీరువా. బీరువా తాళం తెరుచుకోకపోతే గేటు పీకెయ్యం కదా! నేను ఆ రాత్రి చేసింది సరిగ్గా అదే. కాబట్టి బయట నుంచి లోపలికి ఒక్కో అడుగూ వెయ్యాలి.

స్టెప్ 1: రెండూ ఒకే నెట్‌వర్క్‌లో ఉన్నాయా?

రెండు కంప్యూటర్లలోనూ వైఫై లేదా ఈథర్‌నెట్ ప్రాపర్టీస్‌లో ఐపీవీ4 అడ్రస్ చూడండి. ఒకటి 192.168.1.20, ఇంకొకటి 192.168.1.35 లాగ మొదటి మూడు అంకెలూ కలిస్తే మామూలుగా ఒకే నెట్‌వర్క్ అని అర్థం.

మా ఇంట్లో డెస్క్‌టాప్‌ది 192.168.1తో మొదలైతే, మేడ మీద లాప్‌టాప్‌ది 192.168.0తో మొదలైంది. మేడ మీద సిగ్నల్ రాదని పెట్టిన రెండో రౌటర్ తనే సొంతంగా ఇంకో నెట్‌వర్క్ నడుపుతోంది. ఇలా ఉంటే ఇంటర్నెట్ బాగానే వస్తుంది కాబట్టి మనకి అనుమానం రాదు. కానీ ఎక్స్‌ప్లోరర్‌లో "నెట్‌వర్క్" కింద డెస్క్‌టాప్ పేరు కనపడదు. పాత లాప్‌టాప్‌లో డ్రైవ్‌ని పేరుతో కాకుండా ఐపీ అడ్రస్‌తో మ్యాప్ చేశాను కాబట్టి ఇన్నాళ్లూ బయటపడలేదు. అలా మేడ మీద నుంచి కిందకి వెళ్లొచ్చు గానీ, కింద నుంచి మేడ మీదకి కుదరదు.

పరిష్కారం: రెండో రౌటర్ సెట్టింగ్స్‌లో "యాక్సెస్ పాయింట్ మోడ్" ఉంటే అది ఆన్ చెయ్యండి. లేకపోతే ముందు దాని సొంత ఐపీని మెయిన్ రౌటర్ వరసలో వేరే నంబర్‌కి మార్చి, తర్వాత డీహెచ్‌సీపీ ఆఫ్ చేసి, కేబుల్‌ని వ్యాన్ పోర్ట్‌లోంచి తీసి ల్యాన్ పోర్ట్‌లో పెట్టండి. అలాగే లాప్‌టాప్‌ని "గెస్ట్ వైఫై"కి కనెక్ట్ చేసి ఉంటే మార్చండి. గెస్ట్ వైఫైలో ఉన్నవాటిని ఇంట్లో మిగతా కంప్యూటర్ల దగ్గరికి సాధారణంగా పోనివ్వరు.

స్టెప్ 2: పేరుతో కాదు, అడ్రస్‌తో పిలవండి

ఎక్స్‌ప్లోరర్ అడ్రస్ బార్‌లో రెండు బ్యాక్‌స్లాష్‌లు పెట్టి డెస్క్‌టాప్ ఐపీ కొట్టండి: \\192.168.1.20 ఇలా. ఐపీతో ఓపెన్ అయ్యి పేరుతో అవ్వకపోతే ఫోల్డర్‌లో ఏ తప్పూ లేదు, పేరు దొరకడంలోనే సమస్య. డెస్క్‌టాప్‌లో సర్వీసెస్ ఓపెన్ చేసి "ఫంక్షన్ డిస్కవరీ రిసోర్స్ పబ్లికేషన్" అనేదాన్ని ఆటోమేటిక్ చేసి స్టార్ట్ చెయ్యండి.

నిన్నటిదాకా వచ్చిన డ్రైవ్ మీద ఇవాళ రెడ్ క్రాస్ పడిందా? డెస్క్‌టాప్ స్లీప్‌లోకి వెళ్లిందేమో చూడండి. లేదంటే కరెంట్ పోయి వచ్చాక రౌటర్ దానికి కొత్త ఐపీ ఇచ్చి ఉండొచ్చు. రౌటర్‌లో "అడ్రస్ రిజర్వేషన్" పెడితే ఆ ఐపీ ఇక మారదు.

స్టెప్ 3: పబ్లిక్‌లో ఉందా, ప్రైవేట్‌లో ఉందా?

ఐపీతో కూడా రాకపోతే డెస్క్‌టాప్‌లో సెట్టింగ్స్, నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్‌లోకి వెళ్లి మీ కనెక్షన్ ప్రాపర్టీస్ చూడండి. "పబ్లిక్" అని ఉంటే అది బస్టాండ్ వైఫై అనుకుని విండోస్ తలుపులు మూసేస్తుంది. మీ ఇంటి నెట్‌వర్కే అయితే "ప్రైవేట్" చెయ్యండి. తర్వాత అడ్వాన్స్‌డ్ షేరింగ్ సెట్టింగ్స్‌లో ప్రైవేట్ కింద నెట్‌వర్క్ డిస్కవరీ, ఫైల్ అండ్ ప్రింటర్ షేరింగ్ రెండూ ఆన్ చెయ్యండి. విండోస్ ఫైర్‌వాల్‌లో దానికి కావలసిన దారి అదే తెరుచుకుంటుంది. మొత్తం ఫైర్‌వాల్ ఆఫ్ చెయ్యాల్సిన పనే లేదు.

స్టెప్ 4: ఎవరి పేరుతో లోపలికి వెళ్తున్నారు?

ఎక్కువమంది ఇరుక్కునేది ఇక్కడే. మా ఇంట్లో రెండో కారణం కూడా ఇదే.

2019లో నేను "పాస్‌వర్డ్ ప్రొటెక్టెడ్ షేరింగ్" ఆఫ్ చేసి పెట్టాను. అంటే ఎవరైనా సరే పేరూ ఊరూ చెప్పకుండా గెస్ట్‌గా లోపలికి రావొచ్చు. పాత లాప్‌టాప్ అలాగే వెళ్లేది, నా ఫోన్ కూడా అలాగే వెళ్లింది. కానీ కొత్త లాప్‌టాప్‌లో ఉన్నది విండోస్ 11 ప్రో, 24హెచ్2 వెర్షన్. ఈ వెర్షన్ నుంచి ప్రో ఎడిషన్‌లో గెస్ట్‌గా వెళ్లడం డీఫాల్ట్‌గా బంద్. అవతలి కంప్యూటర్ నిజంగా మనదేనని తేల్చుకోకుండా ఫైల్స్ తీసుకోకూడదని ఈ మార్పు చేశారు. డెస్క్‌టాప్‌లో తలుపు బార్లా తెరిచినా లాప్‌టాప్ గడప దాటనిది అందుకే.

సరైన పద్ధతి ఇది:

1. డెస్క్‌టాప్‌లో షేరింగ్ కోసం ఒక కొత్త లోకల్ యూజర్‌ని క్రియేట్ చేసి పాస్‌వర్డ్ పెట్టండి. పాస్‌వర్డ్ లేని యూజర్‌ని విండోస్ నెట్‌వర్క్ ద్వారా రానివ్వదు.
2. పాస్‌వర్డ్ ప్రొటెక్టెడ్ షేరింగ్ ఆన్ చెయ్యండి.
3. లాప్‌టాప్‌లో అడిగినప్పుడు డెస్క్‌టాప్ పేరు, బ్యాక్‌స్లాష్, యూజర్ పేరు వరసగా కొట్టి, ఆ పాస్‌వర్డ్ ఇవ్వండి. లాగిన్ అవ్వడానికి వాడే నాలుగంకెల పిన్ ఇక్కడ పని చెయ్యదు.
4. అప్పటికీ తిరస్కరిస్తే కంట్రోల్ ప్యానెల్‌లో క్రెడెన్షియల్ మేనేజర్ ఓపెన్ చేసి, ఆ డెస్క్‌టాప్‌కి సంబంధించిన పాత ఎంట్రీ తీసేసి, లాప్‌టాప్ రీస్టార్ట్ చెయ్యండి.

స్టెప్ 5: బీరువా తాళాలు రెండు

ఫోల్డర్ కనిపిస్తోంది కానీ ఓపెన్ అవ్వట్లేదు, లేదా ఓపెన్ అయినా సేవ్ అవ్వట్లేదు అంటే పర్మిషన్స్ చూడాలి. ఫోల్డర్ ప్రాపర్టీస్‌లో "షేరింగ్" ట్యాబ్‌లో ఒక పర్మిషన్, "సెక్యూరిటీ" ట్యాబ్‌లో ఇంకొకటి ఉంటాయి. రెండింట్లో ఏది తక్కువైతే అదే చెల్లుతుంది. షేరింగ్‌లో ఫుల్ కంట్రోల్ ఇచ్చి, సెక్యూరిటీలో రీడ్ మాత్రమే ఉంటే మీకు దక్కేది చదవడమే. రెండు చోట్లా కొత్త యూజర్‌ని యాడ్ చెయ్యండి. ఆ యూజర్‌తో ఫైల్స్ మార్చాల్సిన పని లేకపోతే రీడ్ చాలు.

ఎర్రర్ చూసి స్టెప్ పట్టుకోవడం ఇలా

- కోడ్ చివర 70035, అంటే "నెట్‌వర్క్ పాత్ దొరకలేదు": 1, 2, 3 స్టెప్స్.
- "మీ సంస్థ సెక్యూరిటీ పాలసీలు గెస్ట్ యాక్సెస్‌ని బ్లాక్ చేశాయి" అనే అర్థంలో మెసేజ్: స్టెప్ 4. సంస్థ అన్నాడని కంగారు పడకండి, ఇంట్లో కంప్యూటర్‌కీ ఇదే మెసేజ్ వస్తుంది.
- కోడ్ చివర 70005, అంటే "యాక్సెస్ డినైడ్": స్టెప్ 5.

ఇవి మాత్రం చెయ్యొద్దు

"హోమ్‌గ్రూప్ క్రియేట్ చెయ్యండి" అనే పాత వీడియోలు వదిలెయ్యండి. 2018లో వచ్చిన విండోస్ 10 అప్‌డేట్‌లోనే దాన్ని తీసేశారు.

"ఎస్ఎంబీ1 ఆన్ చేస్తే చాలు" అన్న సలహా ఇంకా ప్రమాదం. 2017 మేలో ప్రపంచమంతా పాకిన వన్నాక్రై రాన్సమ్‌వేర్ ఒక కంప్యూటర్ నుంచి ఇంకోదానికి వ్యాపించింది ఆ ఎస్ఎంబీ1లో ఉన్న లోపం ద్వారానే. లోపాన్ని సరిచేసే అప్‌డేట్ అదే ఏడాది మార్చిలోనే వచ్చింది. అది వేసుకోని కంప్యూటర్లు దొరికిపోయాయి. మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయి. పాత కంప్యూటర్‌ని షేరింగ్‌కి వాడే వాళ్లు ఇంకో విషయం గుర్తుపెట్టుకోండి: విండోస్ 10కి సాధారణ సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది.

ఇప్పుడు మా ఇంట్లో రెండో రౌటర్ యాక్సెస్ పాయింట్ మోడ్‌లో ఉంది. "లెక్కలు" ఫోల్డర్‌లో రాసే హక్కు నాన్న వాడే యూజర్‌కి మాత్రమే ఉంది. నా ఫోన్‌కి రీడ్ చాలు. ప్రతి శనివారం ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి ఒక కాపీ వెళ్తుంది. ఈ నెల 20వ తారీకు రిటర్న్ నాన్న మేడ మీద నుంచే వేశారు. పాస్‌వర్డ్ మాత్రం బిల్లు బుక్కు అట్ట మీద పెద్దక్షరాలతో రాసుకున్నారు. ఆయనతో ఆ అలవాటు మాన్పించడం ఎలాగో ఇంకా ఆలోచిస్తున్నాను.