రోజూ చూసేదాన్నే ఈరోజు కొత్తగా చూడండి!

మాచర్లలో సాగర్ బస్సెక్కండి. దారిలోనే ఎత్తిపోతల జలపాతం. అక్కడ చంద్రవంక వాగు నీళ్లు 70 అడుగుల ఎత్తు నుంచి దూకుతాయి. ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్లు ఆ హోరు ముందు కదలకుండా నిలబడిపోతారు. మరి మనం? ‘చిన్నప్పట్నుంచీ చూస్తున్నదేగా’ అనుకుని ఫోన్‌లోకి తల దించేస్తాం.

జలపాతం పాతబడలేదు. మన చూపే ఆటోపైలట్‌లో పడింది!

ఇంట్లోనూ ఇదే కథ. కంచంలో అన్నం ఉంటుంది, మనసు ఈఎంఐ మీద ఉంటుంది. బిడ్డ ఏదో చెబుతుంటే, మనం నిన్నటి గొడవలో ఉంటాం. దీన్ని మార్చుకోవచ్చు. మీరు కచ్చితంగా మార్చుకోగలరు. ఉన్నచోటే మనసు ఉంచే ఆ సాధన పేరే మైండ్‌ఫుల్‌నెస్. మన మాటలో ఎరుక.

ఇది మన గడ్డ ఎరిగిన విద్య

మనకు దగ్గర్లోనే నాగార్జునకొండ. ఇక్ష్వాకుల కాలంలో, క్రీ.శ. 3, 4 శతాబ్దాల్లో, అక్కడ బౌద్ధ ఆరామాలు వెలిగాయి. సింహళ భిక్షువులకూ అక్కడో విహారం ఉండేది. శ్వాసను గమనించే ఆనాపానసతి బౌద్ధుల సాధనే.

1979లో అమెరికాలో జాన్ కబాట్-జిన్ ఇలాంటి సాధననే ఒక కోర్సుగా మలిచి రోగుల దగ్గరకు తీసుకెళ్లారు. అందులో పేరుపడ్డ ఎక్సర్‌సైజ్ ఏంటో తెలుసా? ఒక్క ఎండుద్రాక్షను జీవితంలో మొదటిసారి చూస్తున్నట్టు చూసి, వాసన పీల్చి, నెమ్మదిగా నమలడం! మీరు వేరుశనగ గింజతో చేయండి. చాలు.

రేపటి నుంచే మొదలుపెట్టండి

1. పొద్దున్నే 10 నిమిషాలు. ఫోన్ పక్క గదిలో పెట్టండి. వెన్ను నిటారుగా ఉంచి కూర్చోండి. ముక్కు దగ్గర గాలి వచ్చిపోవడాన్ని గమనించండి. ఊపిరిని మార్చొద్దు.

2. మనసు పారిపోతుంది. వందసార్లు పోతే వందసార్లూ తెచ్చుకోండి. తిట్టుకోవద్దు. ఆ తెచ్చుకోవడమే అసలు కసరత్తు.

3. ఒక టీ, పూర్తిగా. వేళ్లకు గ్లాసు వేడి. అల్లం వాసన. మొదటి గుక్క. టీ అయ్యేదాకా ఇంకో పని లేదు.

4. పాత దారి, కొత్త సంగతి. రోజూ వెళ్లే దారిలో ఇప్పటిదాకా గమనించనిది ఒకటి పట్టుకోండి. మాచర్ల చెన్నకేశవస్వామి గుడికి ఎన్నిసార్లు వెళ్లుంటారు? ఈసారి ఒక్క స్తంభం దగ్గర ఆగి చూడండి.

5. ఒక మనిషి, రెండు నిమిషాలు. ఇంట్లో ఎవరైనా మాట్లాడుతుంటే ముఖం చూస్తూ వినండి. మనసులో జవాబు తయారుచేసుకోవద్దు.

ఇంకా లోతుకు వెళ్లాలనుందా? నాగార్జునసాగర్‌లో విపశ్యన ధ్యాన కేంద్రం ఉంది. 10 రోజుల శిబిరం. ఫీజు లేదు.

‘టైం ఎక్కడుంది?’ అంటారా

బస్సు కోసం నిలబడ్డప్పుడు మూడు శ్వాసలు గమనించండి. బోరు మోటారు ఆన్ చేసే ముందు మూడు. కోపం వచ్చినప్పుడు నోరు తెరిచే ముందు మూడు. దీనికి వేరే టైం అక్కర్లేదు.

ఈ చూపు మీకు కొత్తేం కాదు. మిర్చి కల్లంలో తాలుకాయలు ఏరే అమ్మను గమనించండి. దూరం నుంచి మనకు ఒకటే ఎర్రటి రాశి. ఆమెకు మాత్రం ప్రతి కాయా వేరు. రంగు చూస్తుంది, తొడిమ చూస్తుంది, వేళ్లతోనే బరువు పోల్చుకుంటుంది.

మీ రోజులనూ ఆ కళ్లతో చూడండి. రాశిలా కనబడే రోజుల్లోంచి ఇవాళ్టిని చేతిలోకి తీసుకోండి. ఇలాంటిది ఇదొక్కటే!