ఏడవసారి ఎత్తిన లంగరు

తెరచాపలను నమ్ముకొని సాగే పడవకు దారి తెలిసినంత మాత్రాన ప్రయాణం సాగదు. గాలి అనుకూలించాలి. అది అనుకూలించనప్పుడు లంగరు వేసుకొని కూర్చోవడం కూడా నావికుని పనిలో భాగమే. ఆవిరి ఓడల రాకతో లోకం క్రమంగా మరచిపోయిన ఈ విద్యను 1896లో దక్షిణ అమెరికా కొనన ఉన్న ఒక జలసంధిలో ఒంటరిగా అభ్యసించినవాడు కెప్టెన్ జాషువా స్లోకం.

స్లోకం 1844లో కెనడాలోని నోవా స్కోషియాలో జన్మించాడు. చిన్ననాటనే సముద్రం మీదికి వెళ్లి, పెద్ద తెరచాప ఓడలకు కెప్టెన్ అయ్యాడు. అమెరికా పౌరసత్వం స్వీకరించాడు. నడివయసు వచ్చేసరికి ఆవిరి ఓడలు ఆయన వృత్తిని మింగివేశాయి. 1892లో ఒక మిత్రుడు ఆయనకు ఓడ ఒకటి ఇస్తానన్నాడు. తీరా వెళ్లి చూస్తే అది ఫెయిర్‌హేవెన్ అనే ఊరిలో, పొలం మధ్య, ఏళ్ల తరబడి నీటి ముఖం చూడని పాత పడవ. పేరు ‘స్ప్రే’. స్లోకం నొచ్చుకోలేదు. పదమూడు నెలలు శ్రమించి, 553 డాలర్ల 62 సెంట్ల ఖర్చుతో దానిని తిరిగి నిర్మించుకున్నాడు. పొడవు 36 అడుగుల 9 అంగుళాలు. అందులో ఒంటరిగా భూగోళాన్ని చుట్టి రావాలని ఆయన సంకల్పం.

1895 ఏప్రిల్ 24న ఆయన బోస్టన్ నుండి బయలుదేరాడు. ప్రయాణంలో కాలం చూసుకోవడానికి ఆయన కొన్నది ఒక రేకు గడియారం. దాని వెల డాలరున్నర. ముఖం పగిలి ఉన్నందున దుకాణదారు డాలరుకే ఇచ్చాడు! జిబ్రాల్టర్ చేరిన తరువాత, మధ్యధరా సముద్రంలో ఓడదొంగల బెడద ఉందని బ్రిటిష్ నౌకాధికారులు హెచ్చరించారు. ఆయన దారి మార్చి, అట్లాంటిక్‌ను మళ్లీ దాటి, బ్రెజిల్ తీరం వెంబడి దక్షిణానికి సాగాడు. 1896 ఫిబ్రవరి 11న మెగెల్లాన్ జలసంధి ముఖద్వారం చేరాడు.

పనామా కాలువ 1914లో గాని తెరుచుకోలేదు. అంతవరకు అట్లాంటిక్ నుండి పసిఫిక్‌కు పోయే ఓడలకు ఈ జలసంధి, లేదా ఇంకా దక్షిణాన ఉన్న హార్న్ అగ్రం దిక్కు. ఆ అక్షాంశాలలో భూభాగం బహుస్వల్పం. అందువల్ల పశ్చిమ పవనాలు అడ్డు లేకుండా వీచి, సముద్రాన్ని కొండలవలె లేపుతాయి. పడమరకు పోదలచిన స్లోకంకు అవి ఎదురుగాలులు. తెరచాప పడవ గాలికి నేరుగా ఎదురు పోలేదు. ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకు ఏటవాలుగా తిరుగుతూ ముందుకు జరగాలి. విశాల సముద్రంలో అది సులభమే. ఇరుకైన నీటిదారిలో ప్రతి మలుపు చివరా రాతి ఒడ్డు కాచుకొని ఉంటుంది. దానికి తోడు కొండల మీది నుండి హఠాత్తుగా కిందికి దూకే గాలులు. నావికులు వాటిని ‘విల్లీవా’లంటారు. తెరచాపలు దించిన ఓడను సైతం అవి పక్కకు పడదోయగలవు.

ముఖద్వారం దగ్గరనే నైరుతి గాలివాన ముప్పై గంటలపాటు స్లోకంను పరీక్షించింది. పంటా అరెనాస్ రేవులో కొద్దిరోజులు ఆగి, ఫిబ్రవరి 19న ముందుకు సాగాడు. మార్చి 3న ఈశాన్యం నుండి గాలి వీచింది. అంతకన్న అనుకూలమైన గాలి ఏముంటుంది? పసిఫిక్‌లోకి ప్రవేశించాడు. ఇంతలో గాలి వాయవ్యానికి తిరిగి ప్రచండమైంది. పెద్ద తెరచాప పీలికలైంది. వేగాన్ని అదుపు చేయడానికి పొడవైన మోకులను పడవ వెనుక నీటిలోకి వదిలి, గాలి తరిమిన వైపే ఆగ్నేయంగా, హార్న్ అగ్రం దిశగా నాలుగు రోజులు కొట్టుకుపోయాడు. ఒక రాత్రి నురగలు కక్కే రాళ్ల మధ్య తెల్లవార్లూ చుక్కాని వదలలేదు. వేకువన చూస్తే పడవ మరొక పాయ గుండా తిరిగి అదే జలసంధి వైపు చేరుకుంటున్నది! దాటిన దారి మళ్లీ దాటవలసి వచ్చింది.

ఈ తీరాల ఆదివాసులను స్లోకం ఆ కాలపు తెల్లజాతి యాత్రికుల చూపుతోనే వర్ణించాడు. వారు రాత్రివేళ పడవ ఎక్కుతారన్న భయంతో డెక్కు మీద చిన్న మేకులు చల్లి నిద్రించాడు. ఆ పుటలను నేటి పాఠకుడు కొంత జాగ్రత్తగా చదువుకోవాలి.

జలసంధి పడమటి కొసకు చేరువలో పోర్ట్ అంగోస్తో అనే చిన్న రేవు ఉంది. అక్కడ అసలైన నిరీక్షణ మొదలైంది. సంస్కృతంలో ‘నిరీక్షణం’ అంటే నిశితంగా చూడడం. తెలుగులో ఆ మాట వేచి ఉండడానికి పేరైంది. ‘ఎదురుచూపు’లోనూ చూపే ఉంది. స్లోకం చేసినది ఈ రెండర్థాలకూ సరిపోతుంది. సూదీ దారంతో చినిగిన తెరచాపలను కుట్టుకున్నాడు. మేఘాలు ఏ దిక్కున కదులుతున్నవో చూశాడు. అనువనిపించినప్పుడు లంగరు ఎత్తి బయలుదేరాడు. గాలి తిరగబడితే వెనుకకు వచ్చి మళ్లీ లంగరు వేశాడు. ఇట్లు ఆరుసార్లు జరిగింది. వీటిని ఆరు ఓటములుగా లెక్కించేవారు ఒడ్డున నిలిచినవారే అయి ఉంటారు. ఒక్క పూట అనుకూలించిన గాలిని నమ్మితే ఏమవుతుందో మార్చి నెలలోనే ఆయనకు తెలిసివచ్చింది. అటువంటి గాలివానలో మరొకసారి చిక్కితే రాళ్ల మధ్య దారి దొరకుతుందన్న హామీ లేదు. తోడుగా మరొక మనిషి లేడు. పడవ పోతే ప్రాణమూ పోతుంది. మరొకవైపు దక్షిణాన శీతకాలం దగ్గరపడుతున్నది. ఊరక ఆగిపోవడమూ క్షేమం కాదు.

ఏప్రిల్ 13న ఏడవసారి లంగరు ఎత్తాడు. ఈసారి స్ప్రే వెనుదిరగలేదు. బయట సముద్రంలో ఒక మహాతరంగం పడవను ముంచెత్తి, చుక్కాని వద్ద ఉన్న స్లోకంను నిలువునా తడిపి పోయింది. అదే ఆ ప్రాంతపు చివరి దెబ్బ. అక్కడి నుండి పడవ ఉత్తరానికి తిరిగింది.

ఏప్రిల్ 26న జువాన్ ఫెర్నాండెజ్ దీవి కనిపించింది. జలసంధి తీరాన ఏరి పడవకెత్తుకున్న కొవ్వు ఇక్కడ ఉపయోగపడింది. స్లోకం అందులో పిండివంటలు వేయించి దీవివాసులకు రుచి చూపించాడు. వారు కొవ్వును కొని పాత నాణేలతో వెల చెల్లించారు. 1704 నుండి 1709 వరకు అలెగ్జాండర్ సెల్కర్క్ అనే నావికుడు ఒంటరిగా గడిపిన దీవి ఇదే. కొండ మీద ఆయన తెరచాపల కోసం చూస్తూ నిలిచిన చోట, బ్రిటిష్ నౌకాధికారులు 1868లో ఒక ఫలకం పెట్టించారు. స్లోకం ఆ కొండ ఎక్కి, దాని మీది అక్షరాలను తన పుస్తకంలోకి ఎక్కించుకున్నాడు.