మధుమేహము గల పిల్లి: ఇన్సులిన్ వాడుక, చక్కెర తగ్గినప్పటి చికిత్స

మధుమేహము మనుష్యులకు మాత్రమే వచ్చు వ్యాధి కాదు, పిల్లులకును వచ్చును. నడివయస్సు దాటి, బరువెక్కి, ఇల్లు కదలక పెరుగు పిల్లులలో, అందును విత్తులు తీయించిన మగపిల్లులలో ఇది హెచ్చుగా కానవచ్చును. మాటిమాటికి నీరు త్రాగుట, విస్తారముగా మూత్రము విడుచుట, బాగుగా తినుచున్నను చిక్కిపోవుట దీని ముఖ్య లక్షణములు. కొన్ని పిల్లులు వెనుకకాళ్ల మడమలను నేలకు ఆన్చి నడచును.

కోల్‌కతా నగరమున చేపలు వండు ఇంట పిల్లికి వాటా ఉండనే ఉండును. అయితే ఆ వాటాలో చేపకంటె అన్నమును, తీపి కలిపిన పాలును ఎక్కువగుట కలదు. పిల్లి శరీరము మాంసాహారమునకు తగినట్టిది. మధుమేహము గల పిల్లికి పిండిపదార్థములు తగ్గించి, మాంసకృత్తులు గల ఆహారమును పెట్టుట మేలు. భయము చేతనే పిల్లి రక్తములో చక్కెర పెరుగును గనుక, ఒక్క పరీక్షతో వ్యాధిని నిశ్చయింపరాదు. నగరములోని బేల్‌గాఛియాలో 1893లో పశువైద్య కళాశాల వెలసినది. 1995లో ఏర్పడిన పశ్చిమ బెంగాల్ పశు, మత్స్య విజ్ఞాన విశ్వవిద్యాలయములో నేడది భాగము. వ్యాధి కలదని తోచినచో అట్టి సంస్థకు గాని, సమీపమున నున్న పశువైద్యుని వద్దకు గాని పిల్లిని కొనిపోవలెను.

రెండు ప్రమాదములు

చికిత్సలో ముఖ్యమైనది ఇన్సులిన్. దీనిని సాధారణముగా పన్నెండు గంటల కొకమారు చర్మము క్రింద ఎక్కింతురు. పిల్లికి కావలసిన మోతాదు మిక్కిలి స్వల్పము. పెక్కు పిల్లులకు ఒక యూనిట్‌తోనో, అంతకు కొంచెము హెచ్చుతగ్గుగానో వైద్యులు ప్రారంభింతురు. ఇంత చిన్న కొలతలో చిన్న పొరపాటైనను పెద్దదే యగును.

1921-22 శీతకాలమున టొరంటో నగరమున ఇన్సులిన్‌ను శుద్ధిచేయుచున్న శాస్త్రజ్ఞులు దానిని ఆరోగ్యము గల కుందేళ్లకు ఇచ్చి చూచిరి. రక్తములో చక్కెర మితిమీరి తగ్గగా కుందేళ్లు ఈడ్పులతో పడిపోయెను. గ్లూకోజు ఇచ్చినంతనే తేరుకొనెను. మందు యొక్క బలమును, దాని విరుగుడును ఆనాడే వెల్లడియైనవి. ఇంట పిల్లికి ఇన్సులిన్ ఇచ్చువారు ఈ సంగతిని మరువరాదు.

చక్కెర పెరిగియుండుట వలన హాని దినముల మీద కలుగును. చక్కెర మితిమీరి తగ్గినచో హాని గంటలలో, ఒక్కొక్కప్పుడు నిమిషములలోనే కలుగును. కావున సందేహము కలిగినప్పుడు మందు ఇయ్యకుండుటయే క్షేమము. ఒక పూట మందు తప్పినందున పిల్లికి సాధారణముగా ప్రాణభయము లేదు. రెండుమార్లు పడినచో కలదు.

పొరపాట్లు జరుగు చోట్లు

1. మన దేశమున మిల్లీలీటరునకు 40 యూనిట్లు గల ఇన్సులిన్‌ను, 100 యూనిట్లు గల ఇన్సులిన్‌ను విక్రయింతురు. వేనికి తగిన సిరంజి వానికి వేరుగా నుండును. 100 యూనిట్ల మందును 40 యూనిట్ల సిరంజిలో ఒక యూనిట్ గీత వరకు తీసినచో రెండున్నర యూనిట్లు వచ్చును. సీసాను, సిరంజిని ప్రక్కప్రక్కన పెట్టి చదివిన పిదపనే మందు తీయవలెను.

2. వంగలిపిలోని నాలుగు అంకె చూపునకు మన 8 వలెను, ఏడు అంకె 9 వలెను ఉండును. పొరుగువారికిగాని పనివారికిగాని మోతాదు వ్రాసి యిచ్చునప్పుడు అంకెతోపాటు అక్షరములలోను వ్రాయవలెను. సిరంజి మీది గీతను వైద్యునిచేతనే చూపించుకొనవలెను.

3. ఉదయము అత్తగారు ఇచ్చిన మందును తెలియక కోడలు మరల ఇచ్చుట జరుగవచ్చును. ఇచ్చినవారు వెంటనే వేళను పుస్తకములో గుర్తింపవలెను. సూది సరిగా దిగలేదని తోచినను రెండవమారు పొడువరాదు.

4. ముందు ఆహారము, పిదప మందు. కాళీపూజ నాటి బాణసంచా మ్రోతకు బెదరిన పిల్లి మంచము క్రింద దాగి ఏమియు తినకపోవచ్చును. తినని పిల్లికి వైద్యుని అడుగక ఇన్సులిన్ ఇయ్యరాదు. ఒక దినము పూర్తిగా తినకున్నను, వాంతులు చేసుకొనుచున్నను వైద్యునికి చూపవలెను.

చక్కెర తగ్గినచో

నీరసము, తూలుట, వణకుట, అకస్మాత్తుగా మిక్కిలి ఆకలి, పిలిచినను పలుకకుండుట తొలి గుర్తులు. పిదప ఈడ్పులు, స్మృతి తప్పుట కలుగును. కొలిచి చూచినప్పుడు 100 మిల్లీలీటర్ల రక్తములో చక్కెర 60 మిల్లీగ్రాములకు లోబడియున్నచో అది ప్రమాద సూచన. గుర్తులు కనిపించుచుండగా కొలత కొరకు ఆలస్యము చేయరాదు.

పిల్లి తెలివిలో నుండి తినగలిగినచో వెంటనే ఆహారము పెట్టవలెను. తినకున్నచో గ్లూకోజు పొడిని కొలది నీటిలో చిక్కగా కలిపియో, తేనెనో, చక్కెర పాకమునో ఒక చెంచాడు కొద్దికొద్దిగా నాకింపవలెను. ఇంట వేరేమియు లేనిచో రసగుల్లాల పాకమైనను పనికివచ్చును. మధుమేహ రోగులు చక్కెరకు బదులుగా వాడు తీపి మాత్రలు ఇందుకు పనికిరావు.

స్మృతి తప్పిన పిల్లి నోట ద్రవము పోయరాదు. అది ఊపిరితిత్తులలోనికి పోవును. పాకమును వ్రేలితో చిగుళ్లకు రుద్దుచు వైద్యుని వద్దకు బయలుదేరవలెను. ఈడ్పులు వచ్చుచున్నప్పుడు పండ్ల నడుమ వ్రేలు పెట్టరాదు. పిల్లి తేరుకొన్నను ప్రయాణమును మానరాదు. చక్కెర ప్రభావము త్వరలో తీరును, ఇన్సులిన్ ప్రభావము ఇంకను నిలిచియుండును. తరువాతి మోతాదు వైద్యుడు చెప్పిన పిమ్మటనే ఇయ్యవలెను. వానకాలమున వీధులు జలమయమై వైద్యుడు అందకపోవచ్చును గనుక గ్లూకోజు పొట్లము ఇంట ఎల్లప్పుడు ఉండవలెను.

కోలుకొను పిల్లి

తగిన ఆహారముతోను, క్రమమైన చికిత్సతోను కొన్ని పిల్లులకు కొన్ని నెలలలో ఇన్సులిన్ అవసరమే లేకపోవును. ఇది సంతోషింపదగినదే. కాని శరీరము కోలుకొనుచుండగా పాత మోతాదునే ఇచ్చినచో అదే చక్కెరను మితిమీరి తగ్గించును. నీరు త్రాగుట తగ్గినను, బరువు నిలకడకు వచ్చినను వెంటనే పరీక్ష చేయించి మోతాదును సరిచూపించుకొనవలెను.

ఇన్సులిన్‌ను రిఫ్రిజరేటరులో 2 నుండి 8 డిగ్రీల చల్లదనమున ఉంచవలెను, గడ్డకట్టనీయరాదు. ఆ సీసా ఉన్న చోటనే గ్లూకోజు కలదని ఒక చీటీ అంటించి, అది ఎక్కడ నున్నదియు ఇంటిల్లిపాదికి తెలియజేయవలెను. పిల్లికి తన బాధను చెప్పుకొను నోరు లేదు. మందు ఇచ్చిన తరువాతి గంటలలో దానిని కనిపెట్టియుండుట మందు ఇచ్చినంత ముఖ్యము.