ముహూర్తం మాట కాసేపు పక్కన పెట్టు చెల్లీ

తొమ్మిదో నెల పడగానే మా ఓపీకి ఫైలుతో పాటు ఇంకో కాగితం కూడా వస్తుంటుంది చెల్లీ. పంతులుగారు రాసిచ్చింది. తేదీ, నక్షత్రం, ఫలానా గంట నుంచి ఫలానా గంట లోపు. మీ అత్తగారు దాన్ని బల్ల మీద పెట్టి, "ఈ టైముకి తీసెయ్యండి డాక్టరమ్మా" అంటారు. కనేది నువ్వు. నువ్వేమో తల వంచుకుని పక్క కుర్చీలో కూర్చుంటావు. అందుకే ఇవాళ నీతోనే మాట్లాడతాను.

కాన్పు అంటే మేమేదో చేసెయ్యడం అనుకుంటారు గానీ, మా పనిలో సగానికి పైగా కాచుకుని ఉండడమే. పొట్ట మీద చెయ్యి వేసి పది నిమిషాలకి ఎన్ని నొప్పులు వస్తున్నాయో లెక్కపెడతాం. అరగంటకోసారి బిడ్డ గుండె వింటాం. నిమిషానికి 110 నుంచి 160 మధ్య కొట్టుకుంటుంటే నిశ్చింత. నాలుగు గంటలకోసారి గర్భసంచి ముఖద్వారం ఎంత తెరుచుకుందో చూసి చార్టులో రాస్తాం. పది సెంటీమీటర్లు తెరుచుకోవాలి మరి! తొలిచూలుకి పన్నెండు గంటలు పట్టినా కంగారు పడక్కర్లేదు. బిడ్డ గుండె తడబడినా, కాన్పు ఎటూ కదలకపోయినా ఆపరేషన్‌కి వెళ్తాం. అప్పుడు తల్లీబిడ్డల ప్రాణం నిలిపేది సిజేరియనే.

కానీ లెక్క చూస్తే గుండె తరుక్కుపోతుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశం మొత్తం మీద సిజేరియన్లు 21.5 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 42.4. తెలంగాణలో ఏకంగా 60.7, దేశంలోకెల్లా ఎక్కువ. మన ఆడవాళ్ల ఒళ్లేమీ వేరు కాదు కదమ్మా! ఇందులో ముహూర్తాల వాటా ఉంది, నొప్పులంటే భయం ఉంది, ఓపిక పట్టని డాక్టర్లూ ఉన్నారు.

నొప్పులు వచ్చేటప్పుడే బిడ్డ ఊపిరితిత్తుల్లోని నీరు ఇంకడం ఊపందుకుంటుంది. ఆ నొప్పులేవీ లేకుండా, మంచి ఘడియ అని 37వ వారంలోనే తీస్తే, కొందరు పిల్లలు ఎగశ్వాస పెడతారు. ముక్కుపుటాలు ఎగరేస్తూ, డొక్కలు లోపలికి పీక్కుపోతూ, మూలుగుతూ ఉంటారు. బిడ్డ ఐసీయూలో, నువ్వు కుట్ల నొప్పితో వార్డులో. పాలు పట్టడానికి కూడా బిడ్డ నీ దగ్గర ఉండదు. పైగా కోత పడిన కొద్దీ, తర్వాతి కాన్పులో మాయ ఆ మచ్చ మీద అతుక్కుపోయే ప్రమాదం పెరుగుతుంది. అలా అతుక్కున్న మాయ ఊడి రాక రక్తం ధారగా పోతుంటే, ప్రాణం కాపాడ్డానికి గర్భసంచే తీసెయ్యాల్సి రావచ్చు.

ఇలాంటివి మనం ముందే తెలుసుకోవాలి. బెజవాడలో వైద్యం చేసి, 1957లో లోక్‌సభకి కూడా ఎన్నికైన డాక్టర్ కొమర్రాజు అచ్చమాంబగారు ప్రసూతి, శిశుపోషణల మీద తెలుగులో పుస్తకం రాశారు. మన భాషలో, మనం చదువుకునేలా. నువ్వూ అడిగి తెలుసుకో. "ఆపరేషన్ ఎందుకు? ఇప్పుడే ఎందుకు? ఇంకాస్త ఆగితే ఏమవుతుంది?" అని నిలదీసినట్టు కాకుండా నిదానంగా అడుగు. మేం జవాబు చెప్పి తీరాలి.

ఆపరేషన్ తప్పదని తేలి, తొందరపెట్టే కారణమేదీ లేక 39 వారాలు నిండాయనుకో, ఆ రోజు పొద్దున పదికా పదకొండుకా అన్నది మీ ఇష్టం, నేను అడ్డు చెప్పను. అర్ధరాత్రి ముహూర్తం మాత్రం తేవద్దు. మత్తు డాక్టరు, పిల్లల డాక్టరు, రక్తం, అన్నీ చేతికందే వేళలోనే నీకు ఆపరేషన్ జరగాలి.