సంతకం కాదు, జవాబు సంపాదించండి

డీఎన్‌ఏ నిర్మాణాన్ని జేమ్స్ వాట్సన్‌తో కలిసి వెల్లడించిన ఫ్రాన్సిస్ క్రిక్‌కు పేరు వచ్చాక ఉత్తరాల వరద మొదలైంది. తట్టుకోలేక ఒక కార్డు అచ్చు వేయించారు. మీ ఉత్తరానికి ధన్యవాదాలు, కానీ ఈ పని చేయలేను అని చెప్పే కార్డు అది. కింద పనుల జాబితా ఉంటుంది: సంతకం పంపడం, ఫొటో ఇవ్వడం, మీ జబ్బు నయం చేయడం, విందులో ప్రసంగించడం, మీ రాతప్రతి చదవడం, ఇంకా చాలా. వచ్చిన ఉత్తరాన్ని బట్టి ఒకదాని దగ్గర టిక్కు పెట్టి పంపేవారు. ఆ జాబితాలో మొట్టమొదటిది సంతకమే.

అదే క్రిక్ 1953 మార్చి 19న, బోర్డింగ్ స్కూల్లో చదువుతున్న పన్నెండేళ్ల కొడుకు మైకేల్‌కు ఏడు పేజీల ఉత్తరం రాశారు. జంట మెలికల బొమ్మ గీసి, ఏ అణువు ఏ అణువుతో జతకడుతుందో, జీవం తన నకలును తానే ఎలా తయారుచేసుకుంటుందో వివరించారు. ‘నేచర్’ పత్రికలో వ్యాసం వచ్చింది ఏప్రిల్ 25న. అంటే ప్రపంచం కంటే ముందే ఒక స్కూలు పిల్లవాడికి ఆ సంగతి తెలిసింది. అర్థమయ్యేదాకా జాగ్రత్తగా చదువు, ఇంటికొచ్చాక నమూనా చూపిస్తాం అని నాన్న రాశారు. 2013లో న్యూయార్క్ వేలంలో ఆ ఉత్తరం ధర, కమిషన్‌తో కలిపి, 60 లక్షల డాలర్లు దాటింది.

రెండూ ఒకే చేతి నుంచి వచ్చినవే. ఒక ఖాళీ కాగితం మీద పేరు గీకమంటే ఆ చెయ్యి విసుక్కుంది. అర్థం చేసుకోవాలని కూర్చునే పాఠకుడు దొరికితే ఏడు పేజీలు రాసింది. శాస్త్రవేత్తల సంతకాలు, ఉత్తరాలు సేకరించాలని ఉబలాటపడే యువతీ యువకులకు నేను చెప్పదలచింది ఇదే. సంతకం అడిగేవాళ్లు వేలమంది. వాళ్లలో ఒకరు కావద్దు. జవాబు ఇవ్వాలనిపించే ఉత్తరం రాయగల మనిషిగా తయారవండి. ఈ అభిరుచి మిమ్మల్ని పెంచేది అక్కడే.

1924 జూన్ 4న ఢాకా విశ్వవిద్యాలయం నుంచి సత్యేంద్రనాథ్ బోస్ ఐన్‌స్టీన్‌కు ఉత్తరం రాశారు. అప్పటికి బోస్ వయసు ముప్పై. యూరప్‌లో ఆయన పేరు పెద్దగా ఎవరికీ తెలియదు. ఉత్తరంతో పాటు ప్లాంక్ సూత్రాన్ని కొత్త దారిలో రాబట్టిన తన వ్యాసాన్ని జతచేశారు. మీకు నచ్చితే ఫలానా జర్మన్ పత్రికలో వచ్చేలా చూడండి, నాకు జర్మన్‌లోకి అనువదించేంత భాష రాదు అని సూటిగా అడిగారు. సాధారణ సాపేక్ష సిద్ధాంతంపై మీ వ్యాసాన్ని ఇంగ్లిష్‌లోకి తెచ్చినవాడిని నేనే అని కూడా గుర్తుచేశారు. ఆ మాట నిజం. మేఘనాద్ సాహాతో కలిసి ఆయన చేసిన అనువాదాలు 1920లో కలకత్తా విశ్వవిద్యాలయం పుస్తకంగా వచ్చాయి.

ఈ ఉత్తరాన్ని ప్రతి విద్యార్థీ వెతికి చదవాలి. అందులో పొగడ్త ఉంది, కానీ అది అరువు పొగడ్త కాదు. తానెవరో చెప్పుకోవడం ఉంది, గొప్పలు లేవు. అడిగింది ఒక్క పని. ఆ పని ఎందుకు చేయాలో చూపించే రుజువు అదే కవరులో ఉంది. ఐన్‌స్టీన్ ఆ వ్యాసాన్ని స్వయంగా జర్మన్‌లోకి అనువదించి అచ్చుకు పంపారు. బోస్‌కు ఒక పోస్టుకార్డు రాశారు. ఆ కార్డు చూశాకే విశ్వవిద్యాలయం తనకు రెండేళ్లు విదేశాల్లో చదువుకోవడానికి సెలవు ఇచ్చిందని, జర్మన్ కాన్సులేట్‌లో దాన్ని చూపిస్తే రుసుము కూడా తీసుకోకుండా వీసా ఇచ్చారని బోస్ తర్వాతి కాలంలో చెప్పుకున్నారు. ఏ ఆల్బమ్‌లోని సంతకానికైనా అంత బలం ఉంటుందా?

ఇంకో వందేళ్లు వెనక్కి వెళ్దాం. లండన్‌లో మైకేల్ ఫారడే పుస్తకాల బైండింగ్ పనిలో ఉన్న కుర్రాడు. దుకాణానికి వచ్చే ఒక పెద్దమనిషి ఇచ్చిన టికెట్లతో 1812లో రసాయన శాస్త్రవేత్త హంఫ్రీ డేవీ ఉపన్యాసాలు విన్నాడు. విన్నదంతా శుభ్రంగా రాశాడు, బొమ్మలు వేశాడు, తన చేత్తో బైండు చేశాడు. ముందు రాయల్ సొసైటీ అధ్యక్షుడు జోసెఫ్ బ్యాంక్స్‌కు ఉత్తరం పెట్టి పని అడిగితే, జవాబు లేదని వాకిట్లోనే చెప్పి పంపారు. అయినా ఆగలేదు. ఆ నోట్సును డేవీకి పంపాడు. డిసెంబరు 24న డేవీ జవాబు వచ్చింది. 1813 మార్చిలో రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో సహాయకుడి ఉద్యోగం దొరికింది. పదహారేళ్ల తర్వాత, తానే మహా శాస్త్రవేత్త అయ్యాక, డేవీ జీవితచరిత్ర రాస్తున్న రచయితకు ఫారడే ఆ చిన్న జవాబు చీటీ అసలు ప్రతిని పంపారు. ఎంతో జాగ్రత్తగా చూసుకుని మళ్లీ తనకు చేర్చమని, దాని విలువ తనకెంతో ఊహించుకోమని కోరారు. సేకరణ అంటే ఆ మమకారం. బజారులో కొన్న కాగితంతో అది పుట్టదు.

రామానుజన్ కథ మీకు తెలిసిందే. ఒక్క సంగతి మాత్రం మర్చిపోవద్దు: 1913 జనవరి 16న కేంబ్రిడ్జ్ గణితవేత్త హార్డీకి రాయడానికి ముందు ఆయన అక్కడి మరో ఇద్దరు గణితవేత్తలకు రాశారు. వాళ్ల నుంచి ఫలితం లేదు. జవాబు రాకపోతే చిన్నబోయేవాళ్లకు ఈ అభిరుచి పనికిరాదు, చిన్నబోవడం మానాలనుకునేవాళ్లకు మాత్రం దీన్ని మించిన సాధన లేదు.

మరి మీరేం చేయాలి? ముందు ఒక్క శాస్త్రవేత్తను ఎంచుకోండి. ఆయన లేదా ఆమె రాసిన ఒక వ్యాసమో, ఇచ్చిన ఒక ఉపన్యాసమో పూర్తిగా చదవండి, వినండి. అర్థంకాని చోటు ఒకటి తప్పకుండా తగులుతుంది. అదే మీ ఉత్తరానికి బీజం. అరపేజీ చాలు. మీరెవరో ఒక వాక్యం, ఏం చదివారో రెండు వాక్యాలు, ఎక్కడ ఆగిపోయారో ఒక ప్రశ్న. ఇంటర్నెట్‌లో నిమిషంలో దొరికే విషయం అడగవద్దు. ఇంగ్లిష్ తడబడుతుందని భయపడవద్దు, బోస్‌కు జర్మన్ తడబడింది. సొంత చిరునామా రాసి స్టాంపు అంటించిన కవరు జతచేస్తే అది మర్యాద. సంతకం కావాలంటే చివరి వాక్యంలో అడగండి. ప్రశ్న బాగుంటే అడగకపోయినా వస్తుంది.

నోబెల్ విజేతలకే రాయాలన్న పట్టుదల వదిలేయండి. హైదరాబాద్‌లోనే సీసీఎంబీ, ఐఐసీటీ, ఎన్‌జీఆర్‌ఐ వంటి పరిశోధన సంస్థలు ఉన్నాయి. అక్కడ రోజూ ప్రయోగశాలకు వెళ్లే శాస్త్రవేత్తకు స్కూలు పిల్లల నుంచి ఎన్ని ఉత్తరాలు వస్తాయనుకుంటున్నారు? ఆ శాస్త్రవేత్తల్లో రేపటి చరిత్రలో నిలిచేవారు ఉండవచ్చు. ఉండకపోయినా, పనిచేస్తున్న శాస్త్రవేత్త మీ ప్రశ్నకు రాసిన నాలుగు వాక్యాలు మీకు దొరుకుతాయి. ఫిబ్రవరి 28 జాతీయ సైన్స్ దినోత్సవానికి పరిశోధన సంస్థలు విద్యార్థులను ఆహ్వానిస్తుంటాయి. ఆటోగ్రాఫ్ పుస్తకం బదులు ప్రశ్నలు రాసుకున్న నోట్‌బుక్ పట్టుకెళ్లండి. ఈ-మెయిల్‌లో వచ్చిన జవాబూ జవాబే. ప్రింట్ తీసి దాచుకోండి. ఆ మనిషిని కలిసిన రోజు దాని మీదే సంతకం చేయించుకోండి.

డబ్బు పెట్టి కొనాలనుకునేవాళ్లకు ఒక హెచ్చరిక. 19వ శతాబ్దపు ఫ్రాన్స్‌లో మిషెల్ షాల్ గొప్ప జ్యామితి పండితుడు. వ్రాన్ లూకా అనే మోసగాడు ఆయనకు వేల సంఖ్యలో దొంగ ఉత్తరాలు అమ్మాడు. మొత్తం 27,000 పైచిలుకు. గురుత్వాకర్షణను న్యూటన్ కంటే ముందే పాస్కల్ కనిపెట్టినట్టు చూపే ఉత్తరాలను షాల్ 1867లో ఫ్రెంచ్ సైన్స్ అకాడమీ ముందు పెట్టారు. వాటి తేదీల ప్రకారం పాస్కల్ రాసింది స్కూలు వయసు న్యూటన్‌కు! అదే సేకరణలో క్లియోపాత్రా రాసిన ఉత్తరం కూడా ఉంది, అదీ ఫ్రెంచ్‌లో. 1870లో లూకాకు జైలు శిక్ష పడింది. అంత పండితుడు ఎందుకు మోసపోయారు? తన దేశానికి ఘనత దక్కాలన్న కోరిక కళ్లు మూసింది. మనకు ఇష్టమైన మాట చెప్పే కాగితాన్నే మనం ఎక్కువ అనుమానించాలి. ఫోన్లో వచ్చిన ప్రతి ఫార్వర్డునూ ఇదే కంటితో చూడటం అలవాటవుతుంది. అసలు సంతకమేనా, యంత్రం పెట్టిందా, కార్యదర్శి పెట్టిందా అన్నదీ చూడాలి. వ్యోమగాముల సంతకాలను పెట్టే యంత్రాలు ఉండేవి. ఎవరి చేతుల మీదుగా మీదాకా వచ్చిందో చెప్పలేని అమ్మకందారు దగ్గర కొనకండి.

దాచుకోవడం గురించి ఒక్క మాట గట్టిగా చెప్పాలి. లామినేషన్ చేయించవద్దు! మన ఇళ్లలో విలువైన కాగితం కనిపిస్తే చాలు లామినేషన్‌కు పరుగెత్తుతాం. వేడికి, జిగురుకు కాగితం పాడవుతుంది, తిరిగి విడదీయడం దాదాపు అసాధ్యం. సెల్లో టేపు అంతకంటే అన్యాయం, కొన్నేళ్లకు పసుపు మచ్చ మిగులుతుంది. యాసిడ్-ఫ్రీ కాగితం మడతలో, ఎండ, తేమ తగలని చోట పెట్టండి. కవరు పారేయవద్దు, పోస్టు ముద్రే తేదీకి సాక్ష్యం. మీరు రాసిన ఉత్తరం నకలు కూడా పక్కనే ఉంచండి. ప్రశ్న లేని జవాబు సగమే.

బెర్లిన్ రసాయన శాస్త్రవేత్త లుడ్విగ్ డార్మ్‌స్టెటర్ ఏళ్ల తరబడి శాస్త్రవేత్తల చేతిరాతలను సేకరించి, 1907లో ఆ సేకరణ మొత్తాన్ని నగరంలోని రాయల్ లైబ్రరీకి ఇచ్చేశారు. ఇప్పటికీ పరిశోధకులు అక్కడికి వెళ్లి చదువుతున్నారు. మీ దగ్గర పైసా లేకపోయినా ఇలాంటి సంపద చేరువలోనే ఉంది. డార్విన్ రాసినవీ, అందుకున్నవీ కలిపి దాదాపు 15,000 ఉత్తరాలను కేంబ్రిడ్జ్ పండితులు ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టారు. తోటమాలుల్ని, పావురాలు పెంచేవాళ్లను, దూరదేశాల అధికారుల్ని ఆయన ఎంత వినయంగా, ఎంత కచ్చితంగా ప్రశ్నలడిగారో చూడండి. అడగడం నేర్చుకోవడానికి నాకు తెలిసిన ఉత్తమ పాఠ్యపుస్తకం అదే.

చదివాక ఈ ఆదివారమే కూర్చుని మీ మొదటి ఉత్తరం రాయండి. రెండు నెలలు చూసి జవాబు రాకపోతే ఒక్కసారి మర్యాదగా గుర్తుచేయండి, అప్పటికీ రాకపోతే ఇంకొకరికి రాయండి. జవాబు వస్తే అదే వారంలో కృతజ్ఞతలు చెబుతూ తిరిగి రాయండి. ఆ జవాబు చదివాక మీరు ఏం చదివారో, ఏం చేసి చూశారో అందులో తప్పకుండా చెప్పండి.