మగపందికి నీడ ఉంటేనే వీర్యానికి నాణ్యత

ఎదకొచ్చిన ఆవును పశువుల ఆస్పత్రికి తోలుకుపోతే క్యాన్‌లోని ఘనీకృత వీర్యంతో ఇంజెక్షన్ చేస్తారు. పందికీ అలాగే చేయించవచ్చు కదా అనుకుంటాం. చేయించవచ్చు గానీ ఆవుకున్నంత సులువు కాదు.

పంది వీర్యకణం పైపొర చలికి తట్టుకోలేదు. 15 డిగ్రీల నుంచి 5 డిగ్రీలకు గబుక్కున దించితే పొర చిట్లి కణం చచ్చిపోతుంది. అందుకే మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనిలోకి పంపే ముందు ప్రయోగశాలలో వీర్యాన్ని 17 డిగ్రీల వద్ద కొన్ని గంటలు నిలిపి, కోడిగుడ్డు పచ్చసొన కలిపిన ద్రావణంలో మెల్లగా చల్లారుస్తారు. తర్వాత గ్లిజరాల్ 2, 3 శాతం కలుపుతారు. ఇంత చేసినా చాలా కణాలు దెబ్బతింటాయి. మిగిలినవి ఆడపంది గర్భంలో కొద్ది గంటలే బతుకుతాయి. ద్రవ వీర్యంలోని కణాలైతే ఒక రోజు దాకా ఉంటాయి. అన్ని దేశాల్లోనూ ద్రవ వీర్యమే ఎక్కువగా వాడటానికి కారణం ఇదే.

ఇంకో మాట. నాసిరకం వీర్యాన్ని ఘనీభవింపజేస్తే మంచిదైపోదు. నాణ్యత మొదలయ్యేది మగపంది దొడ్లోనే.

మగపంది పోషణ: పందికి చెమట సరిగా పట్టదు. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ఎండలకు అది త్వరగా సొమ్మసిల్లుతుంది. ఒక్కసారి వడదెబ్బ తగిలితే 5, 6 వారాలపాటు వీర్యం పలచబడుతుంది. కప్పుపై బోదగడ్డి పరిచి నీడ చేయండి. మధ్యాహ్నం ఒంటిపై నీళ్లు చల్లండి. తాగునీరు ఎప్పుడూ తొట్టిలో ఉండాలి.

ఎద గుర్తింపు: ఉదయం, సాయంత్రం చూడండి. నడుముపై చేత్తో అదిమితే కదలకుండా నిలబడి, చెవులు నిక్కించిందంటే ఎద కుదిరినట్లే. ద్రవ వీర్యమైతే 12 నుంచి 24 గంటల్లోపు ఒకసారి, మరో 12 గంటలకు రెండోసారి వేయించాలి. ఘనీకృత వీర్యానికి వేళ ఇంకా కచ్చితంగా ఉండాలి. గుడ్డు విడుదలయ్యే సమయానికి దగ్గరగా వేయకుంటే కట్టదు. తప్పిందంటే మళ్లీ 21 రోజులు ఉత్తపుణ్యానికి మేపాల్సిందే.

వీర్యం తెచ్చుకునేటప్పుడు: ద్రవ వీర్యం సీసాను ఫ్రిజ్‌లో పెట్టొద్దు, ఐస్ ముక్కలకు తగలనివ్వొద్దు, ఎండలో బండిమీద తేవద్దు. థర్మోకోల్ పెట్టెలో, గుడ్డ చుట్టిన చన్నీళ్ల సీసా పక్కన 15 నుంచి 18 డిగ్రీల మధ్య ఉంచండి. చిన్న థర్మామీటరు పెట్టుకుంటే మేలు. రెండు మూడు రోజుల్లో వాడేయండి.

వ్యాధులు లేని మగపంది నుంచి తీసిన వీర్యమేనా అని తప్పక అడగండి. 2020లో మన దేశంలోకి వచ్చిన ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ వీర్యం ద్వారా కూడా సోకగలదు. దానికి మందు లేదు. వీర్యం ఎక్కడ దొరుకుతుందో మీ పశువైద్యుని ద్వారా ముందే కనుక్కుని, ఆడపంది ఎదకు రాకముందే ఏర్పాటు చేసుకోండి.